ముల్లైప్పాట్టు – ఎదురుచూపు కావ్యం

పాఠ్య పరిచయం

యుద్ధాలను వర్ణించే కావ్యాలు మనకు కొత్త కావు. మహాభారతంలో కురుక్షేత్రం ఉంది. పలనాటి వీరచరిత్రలో కారెంపూడి ఉంది. ఇటువంటి కావ్యాలలో కవి చూపు ఎక్కువగా యుద్ధభూమి మీదే నిలుస్తుంది. అయితే యుద్ధానికి వెళ్ళిన మనిషి ఒకచోట, అతని కోసం ఎదురుచూసే భార్య మరొకచోట ఉన్నప్పుడు వారి అనురాగం ఏమవుతుంది? ఇద్దరి మధ్య నెలల కొద్దీ కాలం, ఆమడల కొద్దీ దూరం, కబురు తెలియని మౌనం నిలిచినప్పుడు ఆ ప్రేమ దేనిని పట్టుకొని నిలుస్తుంది? ఈ ప్రశ్న చుట్టూ అల్లిన ఒక ప్రాచీన తమిళ కావ్యాన్ని గురించి ఈ పాఠంలో తెలుసుకుందాం. తమిళనాడులో చదువుకొనే మీలో కొందరు దీని పేరు తమిళ తరగతిలో విని ఉంటారు. మిగిలిన రాష్ట్రాల విద్యార్థులకు ఇది పొరుగు భాషలోని ఒక మంచి కావ్యంతో తొలి పరిచయం.

కవి – కావ్యం

ప్రాచీన తమిళ సాహిత్యాన్ని 'సంగ సాహిత్యం' అంటారు. ఇందులో ఎక్కువ భాగం క్రీస్తుశకం తొలి శతాబ్దాల ప్రాంతానిదని పండితుల అభిప్రాయం. ఈ సాహిత్యంలో పది దీర్ఘకావ్యాలకు కలిపి 'పత్తుప్పాట్టు' అని పేరు. పత్తుప్పాట్టు అంటే 'పది పాటలు'. వాటిలో అన్నింటికన్నా చిన్నది 'ముల్లైప్పాట్టు'. ఇందులో 103 పాదాలు మాత్రమే ఉన్నాయి. దీనిని రాసిన కవి నప్పూదనార్. ఆయన కావేరిపూంపట్టణానికి చెందిన ఒక బంగారు వర్తకుని కుమారుడు.

చాలాకాలం తాళపత్రాలలోనే ఉండిపోయిన ఈ పది కావ్యాలను డాక్టర్ ఉ.వే. స్వామినాథయ్యర్ (1855–1942) పరిష్కరించి, నచ్చినార్కినియర్ రాసిన ప్రాచీన వ్యాఖ్యతో కలిపి 1889లో అచ్చువేయించారు.

'ముల్లై' అంటే ఏమిటి?

ముల్లై అనేది ఒక తెల్లని పువ్వు. తెలుగులో దీనికి దగ్గరి మాట 'మొల్ల'. రామాయణం రాసిన మన కవయిత్రి పేరు కూడా ఈ పువ్వు పేరే.

సంగకవులు ప్రేమను వర్ణించడానికి నేలను ఐదు విధాలుగా విభజించుకొన్నారు. కొండ, అడవి, పొలం, సముద్రతీరం, ఎండిన బీడు అనేవి ఆ ఐదు. ఒక్కొక్క నేలకు ఒక పువ్వు పేరు పెట్టి, ప్రేమలోని ఒక్కొక్క స్థితిని దానికి జతచేశారు. కొండసీమ కలయికకు, పొలాలసీమ అలకకు, బీడుసీమ ఎడబాటుకు, సముద్రతీరం విలాపానికి గుర్తులు. అడవిసీమకు ముల్లై అని పేరు. ఆ సీమలో వర్ణించవలసిన భావం భర్త వస్తానన్న మాటను నమ్మి ఓర్చుకొని ఉండడం. దానికి తగిన ఋతువు వానాకాలం, తగిన వేళ సాయంత్రం.

వానాకాలమే ఎందుకు? ఆ కాలంలో యుద్ధానికి వెళ్ళే వీరుడు వానలు మొదలయ్యేనాటికి తిరిగి వస్తానని చెప్పి వెళ్ళడం కవులు పాటించిన సంప్రదాయం. కనుక తొలి మబ్బు కనిపించిన రోజు భార్యకు గడువు తీరిన రోజు. లోకమంతా సంతోషించే వాన ఆమె గుండెను మాత్రం భయపెడుతుంది.

మన అలంకార శాస్త్రంలో ఇటువంటి నాయికను 'ప్రోషితభర్తృక' అంటారు. భర్త దూరదేశంలో ఉన్న స్త్రీ అని దాని అర్థం.

వానాకాలపు సాయంత్రం

కావ్యం మబ్బుతో మొదలవుతుంది. సముద్రపు నీరు తాగి, ఆకాశమంతా పెరిగి, కొండలను కమ్ముకొన్న మబ్బును కవి త్రివిక్రముడితో పోల్చాడు. బలిచక్రవర్తి దానధార పోయగానే పెరిగిన వామనుడి కథను మీరు పోతన భాగవతంలోని ఘట్టంగా విని ఉంటారు. మబ్బు కూడా అలాగే నీరు అందగానే పెరిగింది.

సూర్యాస్తమయం అయింది. వాన కురుస్తోంది. రాణి దుఃఖాన్ని చూడలేక అంతఃపురంలోని ముసలి స్త్రీలు కొందరు ఊరి పొలిమేరకు వెళ్ళారు. కొలపాత్రలో తెచ్చిన వడ్లను, అప్పుడే విచ్చుకొన్న ముల్లై పువ్వులను చల్లి దేవునికి మొక్కారు. తరువాత నిశ్శబ్దంగా నిలబడి చెవులు రిక్కించారు. అనుకోకుండా ఎవరి నోటినుంచైనా వినిపించే మొదటి మాటను బట్టి జరగబోయేది తెలుసుకోవడం అప్పటి ఆచారం. తమిళంలో దీనిని 'విరిచ్చి' అని, సంస్కృతంలో 'ఉపశ్రుతి' అని అంటారు.

దగ్గరలో ఒక గొల్లపిల్ల చలికి చేతులు ముడుచుకొని నిలబడి ఉంది. ఆమె ఎదుట తల్లి కోసం తల్లడిల్లుతున్న లేగదూడ ఉంది. గొల్లవారు వెనుకనుంచి తోలుతుంటే మీ తల్లులు ఇప్పుడే ఇంటికి వస్తున్నాయని ఆ పిల్ల దూడను ఓదారుస్తోంది. ముసలి స్త్రీలకు కావలసిన మాట దొరికింది! వారు పరుగున వచ్చి, రాజు జయించి తిరిగి రావడం నిశ్చయమని, దుఃఖం మానమని రాణికి చెప్పారు.

ఆ మాట విన్నా రాణి కన్నీరు ఆగలేదు. ఇక్కడ కవి మనసును ఎంత బాగా ఎరిగినవాడో గమనించండి. శుభశకునం వల్ల ఆశ పుట్టవచ్చుగాని, అది మనిషి వచ్చినట్లు కాదు.

దండు విడిసిన చోటు

ఇక్కడ కవి మనలను ఒక్కసారిగా యుద్ధరంగానికి తీసుకొనిపోతాడు. అడవి ఏరు చుట్టిన మైదానంలో పొదలు నరికి, ముళ్ళకంచె కట్టి, సముద్రమంత విశాలంగా విడిది వేశారు. దండు విడిసే ఇటువంటి చోటును తమిళంలో 'పాసఱై' అంటారు. మన ఊళ్ళ పేర్లలో కనిపించే 'పాళెం' అనే మాటకు కూడా దండు విడిసిన చోటు అనే అర్థం ఉంది.

విడిదిని కవి చిన్న చిన్న దృశ్యాలుగా చూపించాడు. ఆకులు కప్పిన గుడిసెల వీధులు కలిసేచోట ఒక మదపుటేనుగు కాపలా ఉంది. చెరకు, వరికంకులు ముందు పెట్టినా అది తినడం లేదు. మావటి కుర్రవాళ్ళు ఉత్తరదేశపు మాటలతో బుజ్జగిస్తూ కబళాలు తినిపిస్తున్నారు. నేలలో పాతిన విండ్లకు అంబులపొదులు వేలాడుతున్నాయి. నడుముకు చిన్న కత్తులు కట్టుకొన్న స్త్రీలు గాలికి ఆరిపోయిన దీపాలను మళ్ళీ మళ్ళీ వెలిగిస్తున్నారు. నడిరేయి వేళ ముసలి కావలివాళ్ళు గాలికి ఊగే పూలతీగల్లా తూగుతూ తిరుగుతున్నారు. నీటి గడియారం చూసి కాలం చెప్పేవారు వేళను ప్రకటిస్తున్నారు. రాజు గుడారానికి యవనులు కాపలా. లోపలిగది దగ్గర ఆ దేశభాష రాని పరదేశీయులు సైగలతోనే మాట్లాడుతున్నారు.

ఇంతమంది మధ్య రాజు ఒంటరిగా ఉన్నాడు. మరునాటి పోరాటం మీది ఆరాటంతో అతనికి నిద్ర పట్టలేదు. ఒక చేయి పరుపుపై ఆనించి, మరొక చేతిని తలకు చేర్చి ఆలోచిస్తున్నాడు. గడిచిన యుద్ధంలో గాయాలపాలై తమ ఆడ ఏనుగులను కూడా మరిచిపోయిన మగ ఏనుగులు అతనికి గుర్తుకువచ్చాయి. తిన్న అన్నానికి ఋణం తీర్చి, తనకు విజయం తెచ్చి నేలకొరిగిన వీరులు గుర్తుకువచ్చారు. తోలుకవచాన్ని చీల్చుకొని బాణాలు దిగబడగా మేత ముట్టకుండా నిలబడిన గుర్రాలు గుర్తుకువచ్చాయి.

తరువాత యుద్ధంలో రాజు గెలిచాడు. శత్రురాజులు వణికేలా భేరీలు మోగే విడిదిలో ఇప్పుడు హాయిగా నిద్రిస్తున్నాడు. కాని ఆ విజయవార్త రాణికి ఇంకా తెలియదు.

ఏడంతస్తుల మేడ

కవి మళ్ళీ అంతఃపురానికి వస్తాడు. ఏడంతస్తుల మేడ అది. బొమ్మ చేతిలోని ప్రమిదలో పెద్ద దీపం వెలుగుతోంది. రాణి తనకు తానే ధైర్యం చెప్పుకొంటుంది. చిక్కిన చేతులనుంచి జారే గాజులను పైకి సవరించుకొంటుంది. ఒక్కోసారి మైకం కమ్మినట్లవుతుంది. నిట్టూరుస్తుంది. బాణం తగిలిన నెమలిలా వణికిపోతుంది. చూరునుంచి ధారగా పడే వాననీటి చప్పుడు వింటూ పడుకొని ఉంది.

రాజు ఆలోచనను చెప్పినప్పుడు కవి 'చాలాసేపు తలచి' అనే అర్థం వచ్చే మాట వాడాడు. రాణి విషయంలోనూ దాదాపు అదే మాట వాడాడు. ఇద్దరినీ రెండు దూరపు చోట్ల ఉంచి, ఒకే మాటతో దగ్గరకు చేర్చాడు.

గుర్రాల సకిలింపు

వాన చప్పుడు వింటున్న ఆ చెవులకు ఒక కొత్త ధ్వని వినిపించింది. అది తిరిగి వస్తున్న సైన్యపు కోలాహలం, రథానికి కట్టిన గుర్రాల సకిలింపు.

ఆ రథం వచ్చే దారిని కవి రంగులతో నింపాడు. ఎర్రనేల బాట పక్కన కాయా పువ్వులు కాటుకలా ఉన్నాయి. రేల చెట్లు బంగారం రాల్చుతున్నాయి. తెల్ల కాందళ్ మొగ్గలు అరచేతుల్లా విచ్చుకొంటున్నాయి. తోన్ఱి పువ్వులు నెత్తురులా పూశాయి. వానకు ఏపుగా పెరిగిన అరికె చేలలో మగజింక తన జోడుతో గంతులు వేస్తోంది. కావ్యం గుర్రాల దగ్గరే ముగుస్తుంది. రాజు రథం దిగడం, రాణిని చూడడం, వారిద్దరి మాటలు, ఇవేవీ కవి చెప్పలేదు.

మరో కావ్యం – నెడునల్వాడై

పత్తుప్పాట్టులోనే నక్కీరర్ రాసిన 'నెడునల్వాడై' అనే 188 పాదాల కావ్యం ఉంది. ఇదీ యుద్ధంవల్ల ఎడబాసిన రాజదంపతుల కథే. పేరుకు 'దీర్ఘమైన, మంచి ఉత్తరపు చలిగాలి' అని అర్థం. ఒకే గాలి దీర్ఘమైనది, మంచిది ఎలా అయింది? ఎదురుచూసే రాణికి రాత్రి గడవదు కాబట్టి దీర్ఘమైనది. గెలుపు దిశగా నడిచే రాజుకు మంచిది. వ్యాఖ్యాతలు ఇలా వివరించారు.

ఇందులో రాణి మంచాన్ని యుద్ధంలో చనిపోయిన ఏనుగుల దంతాలతో చేశారు. యుద్ధం ఆమె పడకలోనే ఉందన్నమాట! ఆమె మేలుకట్టుపై చిత్రించిన, చంద్రుణ్ణి ఎన్నడూ వీడని రోహిణిని చూసి నిట్టూరుస్తుంది. యుద్ధం త్వరగా ముగియాలని ఒక స్త్రీ దేవిని వేడుకొంటుంది. అక్కడ రాజు నడిరేయి వానతుంపరలో కొద్దిమందితో బయలుదేరి, గాయపడిన సైనికులను ఒక్కొక్కరినీ చూస్తూ నడుస్తున్నాడు. కావ్యం అంతటితో ఆగిపోతుంది. రాజు ఇల్లు చేరినట్లు చెప్పదు. ముల్లైప్పాట్టులో ఎదురుచూపు ఫలించే క్షణం ఉంది. నెడునల్వాడైలో ఆ క్షణం ఇంకా రాలేదు.

ప్రేమకు పరీక్ష

ఈ కావ్యం చదివినవారికి ఒక సందేహం కలుగుతుంది. విడిదిలో ఉన్న రాజు భార్యను తలచుకొన్నట్లు కవి ఎక్కడా చెప్పలేదు. అతని మనసంతా యుద్ధం మీద, చనిపోయినవారి మీద ఉంది. అయితే అతనికి ప్రేమ లేదా?

ఈ సందేహానికి కవి మాటలతో జవాబివ్వలేదు. వేగంగా పరుగెత్తే గుర్రాలతో ఇచ్చాడు. పని ముగియగానే, పువ్వులు విచ్చిన దారిలో ఎక్కడా నిలవకుండా ఇంటివైపు తోలిన రథమే అతని ప్రేమకు సాక్ష్యం. విధి నిర్వహణలో ఉన్నవాడి ప్రేమ అతని మాటలలో కనిపించకపోవచ్చు. తిరుగు ప్రయాణపు తొందరలో అది కనిపిస్తుంది.

రాణికి ఎదురైన పరీక్ష ఇంతకంటే కఠినమైనది. రాజు హాయిగా నిద్రపోయిన రాత్రి కూడా ఆమె మేలుకొనే ఉంది. అతను క్షేమమన్న సంగతి ఆమెకు తెలియదు. ఎడబాటులో దూరంకన్నా పెద్ద కష్టం కబురు లేకపోవడం. ఆమెకు దొరికిన కబురల్లా ఒక గొల్లపిల్ల లేగదూడకు చెప్పిన మాట.

కాలం మారినా ఈ కష్టం పోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914–18) పది లక్షలమందికి పైగా భారతీయులు విదేశాలలో సైనిక సేవ చేశారు. చదువురాని సైనికులు ఇంటికి ఉత్తరాలను ఇతరుల చేత రాయించుకొనేవారు. ఆ ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివిన తరువాతే పంపేవారు. భార్యకు చెప్పవలసిన మాట ఇద్దరు ముగ్గురు పరాయివారి కళ్ళ ముందునుంచి వెళ్ళాలి. అందువల్ల మనసులోని మాట చాలావరకు మనసులోనే ఉండిపోయేది. పశ్చిమ గోదావరి జిల్లాలో 'మిలటరీ మాధవరం' అని పేరుపొందిన ఊరు ఉంది. ప్రపంచ యుద్ధాల కాలంనుంచి అక్కడి కుటుంబాలు తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపుతున్నాయి. అటువంటి ఊళ్ళలో ముల్లైప్పాట్టు పేరు తెలియనివారికి కూడా ఆ రాణి మనసు తెలుసు.

తిరిగి రానివారి ఇళ్ళు

ఈ కావ్యంలో రాజుకు, రాణికి పేర్లు లేవు. ప్రేమను వర్ణించే కావ్యంలో నాయికా నాయకుల పేర్లు చెప్పకూడదని సంగకవుల నియమం. పేరు లేనందువల్ల అది ఏ ఇంటి కథ అయినా కావచ్చు. ఏనుగుకు కబళం పెట్టే మావటికి ఇల్లు లేదా? తూగుతూ తిరిగే ముసలి కావలివానికోసం ఎవరూ ఎదురుచూడడం లేదా?

అన్నిటికన్నా ముఖ్యంగా, రాజు తలచుకొన్న ఆ వీరుల సంగతి ఆలోచించండి. వారి ఇళ్ళమీద కూడా అదే వాన కురిసింది. వారి చూరులనుంచి కూడా నీరు ధారగా పడింది. ఆ చప్పుడు వింటూ పడుకొన్న స్త్రీలకు గుర్రాల సకిలింపు వినిపించి ఉంటుంది. కాని వారి మనిషి రాలేదు. కవి ఆ ఇళ్ళను వర్ణించలేదు. రాజు నిద్రలేని రాత్రిని చూపి, మన ఆలోచనను అటు నడిపించాడు. మన ఊళ్ళలో కనిపించే వీరగల్లుల మీద చనిపోయిన వీరుని రూపం చెక్కి ఉంటుంది. కొన్నింటి మీద పేరు, ఊరు కూడా ఉంటాయి. అతని కోసం ఎదురుచూసిన ఇంటి సంగతి మాత్రం సాధారణంగా ఉండదు.

ఒక రాణి సంతోషాన్ని చెప్పే కావ్యంలోనే ఎందరో స్త్రీల దుఃఖానికి చోటు ఇవ్వడం నప్పూదనార్ గొప్పతనం. గెలుపోటములను లెక్కించేటప్పుడు ఎదురుచూసిన ఇళ్ళను కూడా లెక్కలోకి తీసుకోవాలని ఈ చిన్న కావ్యం మనకు నేర్పుతుంది.

కఠిన పదాలకు అర్థాలు

ఆమడ = సుమారు ఎనిమిది మైళ్ళ దూరం
పొలిమేర = ఊరి సరిహద్దు
లేగదూడ = చిన్న దూడ
దండు = సైన్యం
కబళం = ముద్ద
అంబులపొది = బాణాలు ఉంచే సంచి
యవనులు = గ్రీకు, రోమను దేశాలవారు
భేరి = యుద్ధవాద్యం, నగారా
మేలుకట్టు = మంచంపై కట్టిన చాందినీ
అరికెలు = ఒక చిరుధాన్యం
వీరగల్లు = వీరుని జ్ఞాపకార్థం నిలిపిన రాయి

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాలలో జవాబులు రాయండి.
1. ముల్లైప్పాట్టును రాసిన కవి ఎవరు? అందులో ఎన్ని పాదాలు ఉన్నాయి?
2. 'ప్రోషితభర్తృక' అంటే ఎవరు?
3. ముసలి స్త్రీలు పొలిమేరకు ఎందుకు వెళ్ళారు?
4. 'నెడునల్వాడై' అనే పేరుకు వ్యాఖ్యాతలు ఏమని అర్థం చెప్పారు?

II. కింది ప్రశ్నలకు పది వాక్యాలలో జవాబులు రాయండి.
1. సైనికుల విడిదిని కవి ఎలా వర్ణించాడు?
2. రాజుకు నిద్ర పట్టని రాత్రిని, రాణికి నిద్ర పట్టని రాత్రిని పోల్చండి.
3. రాజు, రాణి కలుసుకొన్న దృశ్యాన్ని కవి ఎందుకు చెప్పలేదని మీరు అనుకొంటున్నారు?

III. కింది మాటలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
చెవులు రిక్కించు, నేలకొరుగు, ఋణం తీర్చు, ధైర్యం చెప్పు

IV. వ్యాకరణం
1. విడదీసి సంధి పేరు రాయండి: సూర్యాస్తమయం, ఏడంతస్తులు, గెలుపోటములు.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: విజయవార్త, యుద్ధభూమి, గెలుపోటములు.
3. 'బాణం తగిలిన నెమలిలా రాణి వణికిపోతుంది.' ఈ వాక్యంలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం గుర్తించండి.

V. చేయవలసిన పని
మీ ఊరిలోగాని బంధువులలోగాని సైన్యంలో పనిచేసినవారు ఉంటే, వారి ఇంటి పెద్దలను కలవండి. ఉత్తరాలు, కబుర్లు ఎన్నాళ్ళకు వచ్చేవో, ఆ రోజుల్లో ఇంట్లో ఎలా గడిచేదో అడిగి తెలుసుకొని ఒక పుటలో రాయండి. వారు చెప్పడానికి ఇష్టపడని సంగతులను అడగకండి.